జపాన్ పాత కారు అమెరికాకు తెప్పించుకోవాలంటే: ఓడ ఎక్కకముందే సరిచూసుకోవాల్సిన కాగితాలు

నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్, సిల్వియా ఎస్15, టొయోటా చేజర్ లాంటి కార్లను ఆ రోజుల్లో అమెరికాలో అమ్మలేదు. ఇప్పుడు అక్కడ ఉంటున్నవాళ్లకి అలాంటి కారు కావాలంటే జపాన్ వేలంలో కొని ఓడ మీద తెప్పించుకోవడం బాగా నలిగిన దారి. డల్లాస్‌లో, న్యూజెర్సీలో, సియాటెల్‌లో ఉన్న మనవాళ్లలో ఈ కార్ల మీద ప్రాణం పెట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. కారు వెతకడానికి నెలలు ఖర్చుపెట్టి, కాగితాల్ని మాత్రం చివర్లో ఏజెంటు చూసుకుంటాడులే అని వదిలేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఛాసిస్ నంబరు, కారు తయారైన నెల, మీ పేరు. ఈ మూడూ అవి కనిపించే ప్రతి కాగితంలోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. మిగతా పొరపాట్లను చాలావరకు సర్దుకోవచ్చు. వీటిలో ఒకటి తేడా వస్తే కారు పోర్టులో ఆగిపోతుంది, స్టోరేజీ అద్దె రోజురోజుకీ పెరుగుతుంది. ఆ దశలో జపాన్ నుంచి సవరించిన కాగితం తెప్పించుకోవడం అంత తేలిక కాదు.

25 ఏళ్ల లెక్క ఏ తేదీ నుంచి?

అమెరికా భద్రతా ప్రమాణాల ప్రకారం తయారుకాని కారుని మామూలుగా దిగుమతి చేసుకోనివ్వరు. తయారై 25 ఏళ్లు నిండిన కారుకి మాత్రం ఆ ప్రమాణాల నుంచి మినహాయింపు ఉంది. దీన్ని చూసేది రహదారి భద్రత సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ. కాలుష్యం సంగతి చూసేది ఈపీఏ. దాని లెక్క వేరు: 21 ఏళ్లు నిండి ఉండాలి, కారు మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. 25 నిండితే 21 ఎలాగూ నిండినట్టే కాబట్టి వయసు విషయంలో మొదటిది చూసుకుంటే చాలు.

25 నిండని కారుని సాధారణంగా రిజిస్టర్డ్ ఇంపోర్టర్ అనే గుర్తింపు ఉన్న సంస్థ ద్వారానే తేవాలి. ఆ మోడల్ అర్హత జాబితాలో ఉండాలి, కారు విలువకి ఒకటిన్నర రెట్ల బాండు (పూచీకత్తు) పెట్టాలి, ప్రమాణాలకు తగ్గట్టు మార్పులు చేయించాలి. ఒక్క కారు కోసం ఆ ఖర్చు పెట్టుకోవడం దండగ. ఒకటి రెండేళ్లు ఆగడమే మంచిది.

25 ఏళ్లు లెక్కపెట్టేది కారు తయారైన నెల నుంచి. అమ్మేవాడు చెప్పే ‘2001 మోడల్’ అన్న మాటకి ఇక్కడ విలువ లేదు. జపాన్ రిజిస్ట్రేషన్ కాగితంలో ఉండేదేమో మొదటిసారి రిజిస్టర్ అయిన నెల, తయారైన నెల కాదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కారు షోరూంలో కొన్ని నెలలు ఉండిపోయి ఉండొచ్చు. దీన్ని రెండు రకాలుగా చూడాలి.

మొదటి రిజిస్ట్రేషన్ జరిగే 25 ఏళ్లు దాటి ఉంటే మీకు ఏ చింతా లేదు. రిజిస్ట్రేషన్ కంటే ముందే కారు తయారై ఉంటుంది కదా, ఆ కాగితం ఒక్కటే రుజువుగా సరిపోతుంది. అలా కాక తయారై 25 దాటింది గానీ రిజిస్ట్రేషన్‌కి ఇంకా దాటలేదనుకోండి, అప్పుడు తయారీ నెలకి విడిగా రుజువు చూపాలి. ఆ కాలం జపాన్ కార్లకి కంపెనీ బిగించిన ప్లేటు మీద ఛాసిస్ నంబరు, మోడల్ కోడ్, రంగు కోడ్ ఉంటాయి గానీ తయారీ తేదీ సాధారణంగా ఉండదు. మొదటిసారి అమ్మినప్పటి ఇన్వాయిస్, కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం లాంటివి ఉంటే పని జరుగుతుంది. పాత వాహనాల చరిత్ర నమోదు చేసే గుర్తింపు పొందిన సంఘం వయసు నిర్ధారిస్తూ రాసిచ్చిన లేఖను కూడా పరిశీలిస్తారు. సీటు బెల్టు చీటీ మీది తేదీ ఆ బెల్టుది మాత్రమే. అది మీ అంచనాకి పనికొస్తుంది, దాన్నే రుజువుగా పట్టుకుని ఓడ బుక్ చేయొద్దు.

జపాన్ కాగితాల్లో సంవత్సరం వాళ్ల శకంలో ఉంటుంది. హెయ్‌సెయ్ సంవత్సరానికి 1988 కలిపితే మన లెక్క వస్తుంది: హెయ్‌సెయ్ 12 అంటే 2000, హెయ్‌సెయ్ 13 అంటే 2001. అంతకుముందు షోవా శకానికైతే 1925 కలపాలి. అనువాదంలో తప్పు దొర్లేది ఎక్కువగా ఇక్కడే. అనువాదకుడి మీద భారం వేసి ఊరుకోకండి, మీరూ కూడి చూసుకోండి.

గడువుకి నెలా రెండు నెలలే ఉందని ముందే ఓడ ఎక్కించేవాళ్లు ఉంటారు. ‘దారిలో నిండిపోతుందిలే’ అన్న ధీమా వద్దు. ఓడ అనుకున్నదానికంటే వారం ముందు చేరినా ఇరుక్కునేది మీరే. జపాన్‌లోనే యార్డులో ఉంచి, నెల నిండాక ఎక్కించమనండి. అక్కడి అద్దె అమెరికా పోర్టు స్టోరేజీ కంటే చాలా తక్కువ.

జపాన్ నుంచి రావాల్సినవి

అన్నిటికంటే ముఖ్యం ఎక్స్‌పోర్ట్ సర్టిఫికేట్. ఎగుమతి కోసం జపాన్‌లో రిజిస్ట్రేషన్ రద్దు చేసినట్టు రవాణా శాఖ ఇచ్చే కాగితం అది. కారు ఎవరి పేరున ఉందో, ఛాసిస్ నంబరు, మోడల్ కోడ్, ఇంజిన్ సామర్థ్యం, మొదటి రిజిస్ట్రేషన్ నెల అందులో ఉంటాయి. అమెరికాలో టైటిల్ (కారు మీదేనని చెప్పే యాజమాన్య పత్రం) ఇచ్చే ఆఫీసు మీ కారుకి తల్లి కాగితంగా చూసేది దీన్నే. 660 సీసీ లోపు కెయ్ కార్లకి, బుల్లి ట్రక్కులకి ఇదే పని చేసే పత్రాన్ని వేరే సంస్థ ఇస్తుంది, దాని రూపం కొంచెం తేడాగా ఉంటుంది. మామూలు కారు సర్టిఫికేట్‌లా లేదని కంగారు పడొద్దు. ఎగుమతి సర్టిఫికేట్‌కి ఆరు నెలల గడువు ఉంటుంది, ఆలోపు కారు జపాన్ దాటాలి. అందుకే కారుని యార్డులో ఆపుతున్నప్పుడు దీన్ని తొందరపడి తీయించకూడదు.

దీని ఒరిజినల్ మీ చేతికి రావాలి. స్కాన్ చాలదు. స్కాన్‌తో కస్టమ్స్ పని గడిచిపోవచ్చు, కానీ చాలా రాష్ట్రాల టైటిల్ ఆఫీసులు ఒరిజినలే అడుగుతాయి. కొరియర్‌లో పంపమని డబ్బు కట్టేటప్పుడే ఎగుమతిదారుకి రాతపూర్వకంగా చెప్పండి, ట్రాకింగ్ నంబరు తీసుకోండి. దానితోపాటు ఇంగ్లిష్ అనువాదం, అది సరైన అనువాదమేనని అనువాదకుడు సంతకం చేసిన పత్రం ఉండాలి. రిజిస్ట్రేషన్ రద్దు చేయకముందు కారుకి ఉన్న తనిఖీ పత్రం నకలు కూడా అడగండి. ఖర్చేమీ ఉండదు, తర్వాత ఏ తేదీ మీదైనా సందేహం వస్తే అక్కరకొస్తుంది.

ఇన్వాయిస్‌లో అమ్మేవాళ్ల పేరు చిరునామా, మీ పేరు చిరునామా, కారు తయారీ సంస్థ, మోడల్, తయారైన నెల-సంవత్సరం, ఛాసిస్ నంబరు, ఇంజిన్ సామర్థ్యం, ధర ఏ కరెన్సీలో, ధరలో ఏమేం కలిశాయి అన్నవి ఉండాలి. ఓడ కిరాయి, బీమా విడివిడి వరసల్లో చూపించమనండి. దీనివల్ల సుంకం తగ్గుతుంది, ఎలాగో కింద చూద్దాం. ధర తగ్గించి వేయిస్తానని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు. మీరు పంపిన బ్యాంకు బదిలీ మొత్తం ఒకటి, ఇన్వాయిస్ ఇంకొకటి అయితే అది తప్పుడు ప్రకటన కిందికి వస్తుంది. ఆ జరిమానా ముందు మీరు మిగుల్చుకున్న సుంకం ఏ మూలకీ రాదు.

డబ్బు పంపేముందు ఇంకో మాట. ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అంటూ చివరి నిమిషంలో మెయిల్ వస్తే, అంతకుముందు మీ దగ్గరున్న ఫోన్ నంబరుకి చేసి కనుక్కోకుండా పైసా పంపొద్దు. ఖాతాదారు పేరు, ఇన్వాయిస్ మీది కంపెనీ పేరు ఒకటే కావాలి.

సరుకు ఓడ ఎక్కినట్టు చూపే బిల్ ఆఫ్ లేడింగ్‌ని ఓడ కంపెనీ ఇస్తుంది. ముందు డ్రాఫ్ట్ పంపుతారు. దాన్ని ఎక్స్‌పోర్ట్ సర్టిఫికేట్ పక్కన పెట్టుకుని ఛాసిస్ నంబరు ఒక్కో అంకె చదవండి. అమెరికా కార్లకి ఉండే 17 అక్షరాల నంబరు వీటికి ఉండదు. ఆర్34 జీటీ-ఆర్‌కైతే బీఎన్‌ఆర్34, అడ్డగీత, ఆ తర్వాత ఆరు అంకెలు. సున్నాని ‘ఓ’ అక్షరంగా కొట్టడం, అంకె ఎగరగొట్టడం, మధ్యలో ఉన్న అడ్డగీతని ఒకచోట పెట్టి ఒకచోట తీసేయడం మామూలుగా జరిగే తప్పులు. డ్రాఫ్ట్ దశలో దిద్దించుకోవడం సులువు. ఓడ కదిలాక ప్రతి సవరణకీ రుసుము, ఆలస్యం.

వేలంలో కారు పరిస్థితి రాసిచ్చే ఆక్షన్ షీట్‌ని కస్టమ్స్ వాళ్లు అడగరు. అయినా ఉంచుకోండి. తిరిగిన కిలోమీటర్లు, ప్రమాద చరిత్ర, మార్చిన భాగాలు అందులోనే ఉంటాయి. ఇంజిన్ మార్చారని దాంట్లో ఉంటే ఈపీఏ మినహాయింపు దగ్గర ప్రశ్న వస్తుంది. కాబట్టి షీట్ అనువాదం కొన్న తర్వాత కాదు, కొనకముందే చదవాలి.

మీ పేరు ఏ కాగితంలో ఎలా ఉంది?

ఇది మనవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సిన విషయం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకి వీసా మీద ముందు ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని అర్థం) అని వస్తుంది. కొందరికి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, కొందరికి సోషల్ సెక్యూరిటీ కార్డులో ముందు వెనకలవుతుంది. డ్రైవింగ్ లైసెన్సులో మరోలా ఉంటుంది. కస్టమ్స్ మిమ్మల్ని గుర్తించేది సోషల్ సెక్యూరిటీ నంబరుతో, దాని మీదున్న పేరుతో. టైటిల్ ఆఫీసు చూసేది డ్రైవింగ్ లైసెన్సు. రెండూ ఒకేలా లేకపోతే కారు కొనడానికి ముందే ఒకటి దిద్దించుకోండి. ఇన్వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్, కస్టమ్స్ ఎంట్రీ (కస్టమ్స్‌కి ఇచ్చే దిగుమతి ప్రకటన) మూడింట్లోనూ ఆ పేరే వేయించండి. వాట్సాప్‌లో మీకున్న పొట్టి పేరుతో ఎగుమతిదారు ఇన్వాయిస్ కొట్టేస్తాడు. మొదటి మెసేజ్‌లోనే లైసెన్సు ఫొటోలో పేరున్న వరస మాత్రం కత్తిరించి పంపితే ఆ గొడవ ఉండదు. భార్యాభర్తలిద్దరి పేరునా టైటిల్ కావాలంటే ఇన్వాయిస్‌లోనూ ఇద్దరి పేర్లూ ఉండాలి.

అమెరికా వైపు ఫారాలు

2,500 డాలర్లు దాటిన సరుకుకి ఫార్మల్ ఎంట్రీ కావాలి, దానికి బాండు కావాలి. సొంతంగా చేసుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది గానీ మొదటిసారైతే లైసెన్సున్న కస్టమ్స్ బ్రోకర్‌ని పెట్టుకోండి. అతను మీ తరఫున పని చేయడానికి అధికార పత్రం ఫారం 5291, మిమ్మల్ని దిగుమతిదారుగా నమోదు చేసే ఫారం 5106 సంతకం చేయించుకుంటాడు. ఓడ బయల్దేరాక కాదు, కారు వేలంలో మీకు దక్కగానే ఇవి పూర్తి చేయండి.

బాండు రెండు రకాలు. ఒక్క దిగుమతికి సరిపోయేది ఒకటి, ఏడాదంతా పనికొచ్చేది ఒకటి. ఈపీఏ, రహదారి భద్రత నియమాలు వర్తించే సరుకు కాబట్టి ఒక్కసారి బాండుని సాధారణంగా కారు విలువకి మూడు రెట్లకి రాస్తారు. మీరు కట్టేది ఆ మొత్తం కాదు, దాని మీద ప్రీమియం మాత్రమే. ఏడాది బాండు కనీసం 50,000 డాలర్లకి ఉంటుంది. కారు ఖరీదైనదైతే రెండిటి ప్రీమియం అడిగి పోల్చుకోండి, ఏడాదిదే చవగ్గా తేలడం ఉంది.

సరుకు వివరాలు ముందుగా తెలియజేసే ఐఎస్‌ఎఫ్‌ని చాలామంది మర్చిపోతారు. కంటైనర్‌లో వచ్చే కారుకైతే జపాన్‌లో ఓడలోకి ఎక్కించడానికి 24 గంటల ముందే దాఖలు కావాలి. అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, తయారీ సంస్థ, కంటైనర్ నింపిన చోటు, సరుకు చేరే చిరునామా, తయారైన దేశం, టారిఫ్ కోడ్ మొదటి ఆరు అంకెలు వగైరా పది వివరాలుంటాయి. ఆలస్యమైనా, తప్పున్నా 5,000 డాలర్ల వరకు జరిమానా పడొచ్చు. నడిపి ఎక్కించే రోరో ఓడకి గడువు ఎలా లెక్కిస్తారో మీ బ్రోకర్ చెబుతాడు. ఏదైనా సరే వివరాలు మాత్రం ఎక్కించకముందే అతని దగ్గర ఉండాలి. ఎగుమతిదారు ఓడ పేరు ఆలస్యంగా చెప్పడమే ఇక్కడ తరచూ వచ్చే చిక్కు. బుకింగ్ నంబరు రాగానే మీకూ బ్రోకర్‌కీ కలిపి మెయిల్ పెట్టమనండి.

తర్వాత రహదారి భద్రత ఫారం హెచ్‌ఎస్-7. 25 ఏళ్లు దాటిన కారుకి అందులో మొదటి గడి. ఈపీఏ ఫారం 3520-1లో ఇంగ్లిష్ అక్షరం ‘ఈ’ కోడ్. అది కనీసం 21 ఏళ్ల వయసుండి అసలు రూపంలో ఉన్న కారుకి. రెండూ మీ సంతకంతో చేసే ప్రకటనలు, బ్రోకర్ నింపినా బాధ్యత మీదే. పోర్టు నుంచి విడుదలకి ఫారం 3461, సుంకం లెక్కకి ఫారం 7501. విడుదలైన పది పనిదినాల్లోపు 7501, సుంకం చేరాలి.

ఇప్పుడు ఇవన్నీ కంప్యూటర్‌లోనే దాఖలవుతాయి, కాబట్టి అడగకపోతే మీ చేతికి ఏ కాగితమూ రాదు. కారుకి టైటిల్ తీసుకునేటప్పుడు 7501, హెచ్‌ఎస్-7, 3520-1 నకళ్లు కావాలి. ఈ మూడూ ఇవ్వాలని బ్రోకర్‌తో మొదటే మాట్లాడుకోండి.

సుంకం

అమెరికాలో సుంకం వేసేది ఓడ కిరాయి, బీమా కలపని ధర మీద. ఇన్వాయిస్‌లో వాటిని విడిగా చూపించమన్నది అందుకే. ప్రయాణికుల కారుకి మూల సుంకం 2.5 శాతం. ట్రక్కుకి 25 శాతం, 1964 నుంచి అమల్లో ఉన్న రేటు ఇది. కెయ్ ట్రక్ చవగ్గా వస్తుందని కొనేవాళ్లు ఈ తేడా ముందే లెక్కలో వేసుకోవాలి. వీటి మీద ప్రాసెసింగ్ రుసుము 0.3464 శాతం, రేవు నిర్వహణ రుసుము 0.125 శాతం. ప్రాసెసింగ్ రుసుముకి కనిష్ఠం, గరిష్ఠం ఉంటాయి, అవి ఏటా అక్టోబరులో మారుతుంటాయి.

కారు ధర 20,000 డాలర్లు అనుకుంటే సుంకం 500, ప్రాసెసింగ్ 69.28, రేవు రుసుము 25, అంతా కలిపి 594.28 డాలర్లు. 4,000 డాలర్ల బుల్లి ట్రక్కుకి సుంకమే 1,000.

2025 ఏప్రిల్ 3 నుంచి దిగుమతి కార్ల మీద అదనపు సుంకం వచ్చింది. 25 ఏళ్లు దాటిన కార్లని అందులోంచి తప్పించారు, కానీ ఆ మినహాయింపు కోడ్‌ని ఎంట్రీలో సరిగ్గా వేస్తేనే వర్తిస్తుంది. ఇతర అదనపు సుంకాలు ఈ మధ్య చాలాసార్లు మారాయి. కారు కొనేముందు ఒకసారి, ఓడ చేరేముందు ఒకసారి బ్రోకర్ దగ్గర లెక్క రాతలో తీసుకోండి.

పోర్టులో

కారు అడుగుభాగంలో, చక్రాల గూళ్లలో మట్టి ఉండకూడదు. పరాయి దేశపు మట్టి కనిపిస్తే శుభ్రం చేసేదాకా ఆపుతారు, ఖర్చు మీది. ఎక్కించేముందు అడుగు కడిగించి ఫొటోలు పంపమనండి. కంటైనర్‌లో చక్రాలకి అడ్డం పెట్టే కలప మీద పురుగుశుద్ధి చేసినట్టు ఐపీపీసీ ముద్ర ఉండాలి. ముద్ర లేని చెక్క ఒక్కటి దొరికినా కంటైనర్ మొత్తానికి చిక్కే. డిక్కీలో విడిభాగాలు, చక్రాలు వేసి పంపమంటే అవి ఇన్వాయిస్‌లో కనిపించాలి. ఎక్స్‌రే తనిఖీకి పిలిచినా, విప్పి చూసినా ఆ రుసుము దిగుమతిదారే కట్టాలి, దానికి కొంత పక్కన పెట్టుకోండి.

రాష్ట్రంలో టైటిల్

కస్టమ్స్ దాటినంత మాత్రాన కారు రోడ్డెక్కదు. కారు కొనాలన్న ఆలోచన రాగానే మీ రాష్ట్రం సంగతి చూసుకోవాలి. కాలిఫోర్నియాలో ఉండేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. 25 ఏళ్ల మినహాయింపు కేంద్ర నియమాలకే. కాలిఫోర్నియా కాలుష్య నియమాల నుంచి తప్పించుకునేవి 1975, అంతకంటే పాత మోడళ్లే. ఆ తర్వాతి కారుని రాష్ట్రం గుర్తించిన ప్రయోగశాలలో మార్పించి పరీక్ష చేయించాలి, ఆ ఖర్చు కొన్నిసార్లు కారు ధరతో పోటీ పడుతుంది.

టెక్సాస్‌లో టైటిల్ దరఖాస్తు ఫారం 130-యూ. విదేశం నుంచి వచ్చిన కారుని పోలీసు వాహన దొంగతనాల విభాగం చూసి ఫారం 68-ఏ ఇవ్వాలి, దానికి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి. అమ్మకపు పన్ను 6.25 శాతం. ఎక్స్‌పోర్ట్ సర్టిఫికేట్ ఒరిజినల్, అనువాదం, ఇన్వాయిస్, బిల్ ఆఫ్ లేడింగ్, 7501, హెచ్‌ఎస్-7 ఒకే ఫైల్లో పెట్టుకుని వెళ్లండి. కౌంటర్‌లో ‘నంబరు 17 అక్షరాలు లేదు, కంప్యూటర్ తీసుకోవట్లేదు’ అంటారు. 1981కి ముందటి కార్లకీ, విదేశీ కార్లకీ పొట్టి నంబరు ఉంటుందని నెమ్మదిగా చెప్పి, సూపర్‌వైజర్‌ని అడగండి. టైటిల్ చేతికివ్వగానే అక్కడే నిలబడి నంబరు చదవండి. కెయ్ ట్రక్కుల్ని రోడ్డు మీద తిప్పనివ్వని రాష్ట్రాలున్నాయి. కొనేముందే మీ రాష్ట్ర వాహనాల శాఖ డీఎంవీని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

బీమా వెబ్‌సైట్లు కూడా 17 అక్షరాలే అడుగుతాయి. పాత కార్లకి, సేకరణ కార్లకి బీమా ఇచ్చే కంపెనీకి ఫోన్ చేసి, ధర ముందే ఒప్పుకునే పాలసీ తీసుకోండి. పోర్టు నుంచి ఇంటికి నడిపి తెచ్చుకునే ఆలోచన ఉంటే ఇది ముందే కావాలి. లేకపోతే ట్రక్కు మీద ఎక్కించుకోండి.

ఇండియాకి తిరిగి వెళ్లేటప్పుడు ఈ కారుని హైదరాబాద్‌కో విజయవాడకో తీసుకెళ్లొచ్చా అని కొందరు అడుగుతుంటారు. కుడివైపు స్టీరింగే కదా అన్నది వాళ్ల ఆశ. మన దేశంలో వాడిన కారు దిగుమతికి సాధారణ నియమం తయారై మూడేళ్లు దాటకూడదని, అదీ ముంబై పోర్టు ద్వారానే రావాలని. కాబట్టి ఆ లెక్క పెట్టుకుని కొనొద్దు.

దిగుమతి కాగితాల్ని ఐదేళ్లు భద్రంగా ఉంచాలని కస్టమ్స్ నియమం. ఆ లోపల ఎప్పుడైనా అడగొచ్చు. ఐదేళ్ల తర్వాత కూడా పారేయకండి. ఇలాంటి కారు కొనడానికి వచ్చేవాళ్లు ఎక్స్‌పోర్ట్ సర్టిఫికేట్ నకలు, 7501, ఆక్షన్ షీట్ చూపించమంటారు. టైటిల్ ఆఫీసు ఒరిజినల్ సర్టిఫికేట్ తీసేసుకుంటుంది కాబట్టి ఇచ్చేముందు రెండు వైపులా రంగుల్లో స్కాన్ చేసుకోండి.